బాపు మెడికల్‌కి తయారైన వారం

ఇన్సూరెన్స్ వాళ్ల పరీక్షలో పాసవ్వాలని వారం రోజులు కష్టపడి, చివరికి ఆ పరీక్ష జరిగే చోటే పడిపోయిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయన మా బాపు, మా నాన్న. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు, చాయ్‌లో చక్కెర వెయ్యలేదని మా అవ్వతో గొడవపడుతున్నాడు, కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతే. రాయడం అలవాటు లేదు, మాట్లాడటం మాత్రం చాలా అలవాటు. అందుకే మాట్లాడినట్టే రాస్తాను. మీ ఇంట్లో రిటైరైన పెద్దవాళ్లుంటే మాత్రం చివరిదాకా చదవండి.

అక్టోబర్

మా బాపు పేరు ఐలయ్య. భూపాలపల్లిలో బొగ్గు గని కింద ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. మా సొంతూరు దంతాలపల్లి దగ్గర. ఇప్పుడు బాపూ అవ్వా ఇద్దరూ మహబూబాబాద్‌లో మా శ్రీనన్న దగ్గర ఉంటున్నారు. అవ్వ అంటే మా అమ్మే, మేం అలాగే పిలుస్తాం. అన్నకు మోటార్ వైండింగ్ షాపుంది. నేను పెళ్లయి జనగామలో ఉంటున్నాను. అక్కడే ఒక జిరాక్స్ సెంటర్‌లో పని.

రిటైరైన గని కార్మికుడికి కంపెనీ ఒక వైద్యం కార్డు ఇస్తుంది. భార్యకూ భర్తకూ కలిపి ఒకటే కార్డు, దానికి ఒక హద్దు. ఆ హద్దు దాటితే ఇక మన బాధ మనదే. మూడేళ్ల కింద మా అవ్వ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఒక ఆపరేషన్ అయింది. చీము పట్టి ఇంకో ఆపరేషన్ అయింది. కార్డులో సగానికి పైగా అక్కడే కరిగిపోయింది. బాపుకేమో షుగర్, బీపీ ఉన్నాయి. రేపు ఆయనకు పెద్ద జబ్బేదైనా వస్తే మిగిలింది చాలదు. కార్డు అయిపోయిన చోట మొదలయ్యే బీమా పాలసీ ఒకటి దానిపైన ఉండాలి. ఆ ఆలోచన ఒకసారి తలలో పడ్డాక నాకు కుదురు లేదు. అన్నం తింటున్నా అదే, బట్టలు ఉతుకుతున్నా అదే.

జిరాక్స్ సెంటర్‌లో కూర్చుంటే ఊళ్లో వాళ్ల కష్టాలన్నీ కాగితాలై మన చేతుల్లోంచి పోతాయి. ఒకరోజు దేవరుప్పుల వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. ఒక ఉత్తరం ఇచ్చి, "గిండ్ల ఏం రాసిండ్రో జర చదువు బిడ్డా" అంది. చదివాను. మీ భర్తకు ముందే షుగర్ ఉన్న సంగతి ఫారంలో దాచారు కాబట్టి డబ్బు ఇవ్వలేం అని రాశారు.

"దాచలేదు బిడ్డా. మా ఆయన చెప్తనే ఉన్నడు. ఆ ఏజెంటే రాయొద్దన్నడు."

"ఇప్పుడెట్లున్నడు పెద్దమ్మా?"

"లేడు."

ఆ ఉత్తరం కాపీ తీసిచ్చి డబ్బులు తీసుకోలేదు. నేను చేయగలిగింది అంతే. కానీ ఆ ఉత్తరం నా వెంట ఇంటికి వచ్చింది.

అప్పటినుంచి పని మధ్యలో మూడు కంపెనీలకు ఫోన్లు చేశాను. మొదటాయన నా ప్రశ్న పూర్తి కాకముందే, "అన్నీ కవరైతయ్ మేడం, అన్నీ" అన్నాడు. అన్నీ అన్న మనిషిని అక్కడే పక్కన పెట్టాను. రెండో కంపెనీ జాబితాలో మేం ఎప్పుడైనా గడప తొక్కిన దవాఖాన ఒక్కటీ లేదు. మూడో కంపెనీలో మాట్లాడిన అమ్మాయి మాత్రం తిరిగి నన్నే అడిగింది. నాన్నగారికి ఏమేం జబ్బులున్నాయి, ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారు అని. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్లు ఆగాలంది, పరీక్షలు చేయించాలంది, దాస్తే తర్వాత కష్టమంది. వినడానికి కష్టంగా ఉన్న మాటలే నాకు నమ్మకంగా అనిపించాయి. ఈ కంపెనీయే అని అనుకున్నాను.

మా అన్నకు నచ్చలేదు. "పరీక్ష పెట్టే కంపెనీ అంటె ఇయ్యొద్దని చూసే కంపెనీ చెల్లే. తెల్వదా?" అన్నాడు.

నవంబర్

ఏటా నవంబర్‌లో రిటైరైన వాళ్లంతా తాము బతికే ఉన్నామని కాగితం ఇవ్వడానికి భూపాలపల్లి పోతారు. అది పెన్షన్ కోసం. మా బాపుకైతే అది జాతర లాంటిది. పాత స్నేహితులు కలుస్తారు, మిర్చి బజ్జీలు తింటారు, ఈ ఏడు ఎవరు రాలేదో వెతుక్కుంటారు. ఈసారి నేను కూడా వెళ్లాను, కార్డులో ఎంత మిగిలిందో అడిగి తెలుసుకుందామని.

ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద ఒక బెంచీ ఉంది. దాని మీద సమ్మయ్య కాక కూర్చుని ఫారాలు నింపుతున్నాడు. కాక మా బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి, ఇప్పుడు ఒక బీమా కంపెనీకి ఏజెంటు. మంచి మనిషి. అవ్వ ఆపరేషన్‌కు రక్తం ఇచ్చింది ఆయన కొడుకే. పరీక్షల్లేని పాలసీ అని చెప్పి తన బ్యాచ్ వాళ్లందరికీ ఆ బెంచీ మీదే పని కానిచ్చేస్తున్నాడు. షుగరుందా అని తనే అడుగుతాడు, లేదు అని తనే టిక్కు పెడతాడు. గుండె జబ్బుందా? లేదు, టిక్కు.

"కాకా, బాపుకు షుగరున్నది గద. లేదని ఎట్ల పెడ్తున్నవ్?" అన్నాను.

"ఉన్నదని పెడ్తె వాళ్లెందుకిస్తరే సరితా? గీ బెంచి మీద షుగర్ లేనోన్ని ఒక్కన్ని సూపియ్యి సూద్దాం!"

వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తాడు. "నాకు లేదు సమ్మన్నా. బీపీ ఒక్కటే."

"నువ్వు చూపిచ్చుకోలే ఇంక. చూపిచ్చుకుంటె అదీ ఎల్తది!"

అందరూ నవ్వారు. మా బాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను బాపు ఫారం మెల్లగా తీసి మడిచి సంచిలో పెట్టుకుని, "మాది వేరే కంపెనీ కాకా" అన్నాను.

"అండ్ల పరీక్షలుంటయ్ బిడ్డా. రక్తం గుంజుతరు, గుండెకు ఈసీజీ పట్టీ తీస్తరు. మీ బాపు ఫెయిలైతే ఏం జేస్తవ్?"

ఫెయిల్ అనే మాట బాపుకు తగిలింది. నవ్వు ఆపేశాడు.

"మెడికల్‌ల నేనెప్పుడన్న ఫెయిలైన్నారా సమ్మిగా?"

"లే లే. నువ్వెక్కడ ఫెయిలైతవ్!" అన్నాడు కాక.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. గనిలో కొన్నేళ్లకొకసారి ప్రతి కార్మికుడికీ వైద్య పరీక్ష ఉంటుంది. వాళ్లు దాన్ని మెడికల్ అంటారు. అందులో అన్‌ఫిట్ అని రాస్తే కింద పని పోతుంది, పైన ఏదో తేలిక పనిలో వేస్తారు, జీతం పడిపోతుంది. అందుకని మా బాపు వాళ్లు మెడికల్‌కు పిల్లలు పరీక్షలకు చదివినట్టు చదివేవాళ్లు. కళ్ల పరీక్షలో గోడ మీద ఉండే అక్షరాల వరసలన్నీ బాపుకు నోటికొచ్చు. ఇంగ్లీషు రాని మనిషి, ఆ అక్షరాలు మాత్రం పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చెప్పేవాడు. తోటివాళ్లకూ నేర్పించేవాడట. దగ్గు వస్తున్నా గొంతులోనే ఆపుకునేవాడు. డాక్టర్ ఏమడిగినా ఒకటే జవాబు, మంచిగున్న సార్ అని. ముప్పై ఏళ్లు ఆ జవాబుతోనే మమ్మల్ని సాకాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పట్టించుకోలేదు, నా తప్పదే.

తిరిగొచ్చేటప్పుడు పరకాల దాటాక బస్సులో చెప్పాను. "బాపూ, ఇది గని మెడికల్ కాదు. పాసు ఫెయిలు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తె సాలు."

"సరే సరే" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. ఆ సరేను నేను నమ్మాను.

నవంబర్ చివరి వారం

ఈ వారంలో జరిగింది నేను కళ్లతో చూడలేదు, తర్వాత అవ్వ చెప్పింది. పరీక్ష తేదీ తెలిసిన రోజే బాపు బీడీలు మానేశాడు. పొద్దున్నే లేచి స్టేషన్ దాకా నడక మొదలుపెట్టాడు. కాకరకాయ రసం తాగాడు. సాయంత్రం అన్నం మానేసి ఒక్క జొన్నరొట్టె తిన్నాడు. మీసానికి రంగు కూడా వేసుకున్నాడట.

"గిదెందుకయ్యా? రక్తం తీసెటోళ్లు మీసం జూస్తరా?" అని అవ్వ అడిగింది.

"మనిషిని చూడంగనే ఫిట్ అనిపియ్యాలె. నీకేం తెల్సు."

అవ్వ నవ్వుకుని ఊరుకుంది. ఆమెకు కనిపించనిది, తర్వాత బయటపడింది ఇంకొకటి ఉంది. షుగర్ గోలీ రోజుకొకటి వేసుకునే మనిషి, ఆ వారం రోజుకు రెండు వేసుకున్నాడు. పరీక్ష రోజు పొద్దున ఏమీ తినకుండా రావాలన్నారు కదా, ఆ ఖాళీ కడుపు మీద కూడా రెండు వేసుకున్నాడు. రక్తంలో షుగర్ అసలు కనిపించకూడదని.

ఆ రోజు నేను జనగామలో పొద్దున రైలెక్కి మహబూబాబాద్ చేరేసరికి బాపూ అవ్వా ల్యాబ్‌లో కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, నల్ల మీసం, పెళ్లికొడుకులా ఉన్నాడు. మా ముందు చాలామంది ఉన్నారు. ఇంతలో కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయి. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూ గంట దాటింది. బాపు చొక్కా వీపుకు అంటుకుపోవడం చూశాను. ఫ్యాన్ లేక అనుకున్నాను.

"సైరన్ కొట్టిండ్రా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏం సైరన్ బాపూ?"

"సెకండ్ షిఫ్టోళ్లు రాలే ఇంక."

అవ్వ నన్ను చూసింది, నేను అవ్వను చూశాను. బాపు కుర్చీలోంచి పక్కకు ఒరిగి, నేను పట్టుకునేలోపే నేల మీదికి జారిపోయాడు. నేను అరిచిన అరుపుకు రక్తం తీసే అమ్మాయి లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. ఆమె పేరు గౌసియా అని తర్వాత తెలిసింది.

"ఏమన్న తిన్నడా అక్కా?"

"తినొద్దని మీరే అన్నరు గదమ్మా."

"షుగర్ గోలీ ఏసుకున్నడా?"

"ఏసుకున్నడు" అంది అవ్వ.

"యా అల్లా! తినకుండ గోలీ ఏసుకుంటరా అమ్మా!"

వేలు పొడిచి చూసింది. షుగర్ బాగా పడిపోయిందని మిషన్‌లో అంకె చూసి లోపలికి పరిగెత్తింది. గర్భిణీ స్త్రీల పరీక్ష కోసం వాళ్ల దగ్గర గ్లూకోజ్ పొడి ఉంటుంది. ఆ ప్యాకెట్ పళ్లతో చింపి, బాపును పక్కకు తిప్పి, పొడి తడిపి వేలితో ఆయన దవడ లోపల రాసింది. మళ్లీ రాసింది. "తాతా, మింగు. తాతా, ఇటు సూడు" అంటూనే ఉంది. కాసేపటికి బాపు కళ్లు తెరిచాడు గానీ ఆ కళ్లలో మేమెవరం లేము. గౌసియా కౌంటర్ వదిలేసి మాతో పాటు ఆటో ఎక్కింది. తెల్ల కోటు, కాళ్లకు చెప్పుల్లేవు. నర్సింగ్ హోమ్‌లో డాక్టర్‌కు అంతా చెప్పి, బాపుకు సెలైన్ పెట్టాకే వెళ్లింది. ఆమె రాకపోతే ఈ రాత రాసే ఓపిక నాకు ఉండేది కాదు.

ఆ బెంచీ మీద

అన్న షాపు నుంచి అలాగే నర్సింగ్ హోమ్‌కు వచ్చాడు. చేతులకు వార్నిష్ మరకలు, చొక్కా జేబులో రాగి తీగ ముక్క. బాపును గది తలుపు అద్దంలోంచి చూసి, వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సంబురమైందా? పాలసీ పాలసీ అని మనిషిని పండవెట్టినవ్."

"నేనేమన్న గోలీలేసుకోమన్ననా అన్నా?"

"సమ్మయ్య కాక ఇచ్చిన కాయితం మీద సంతకం పెడ్తే అయిపోతుండె. చదివింది పది. మాటలు మాత్రం పట్నం దాక."

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాకు రెండూ ఒకేసారి వస్తాయి. "అవ్వకు రెండోసారి కోసినప్పుడు కార్డు ఒడుస్తదని నువ్వే గద గోడకు తల కొట్టుకున్నవ్? మర్శినవా?" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవన్నీ రాయను. మా పాత తగాదా, వదిన నగల సంగతి కూడా ఎత్తాను, ఎత్తకుండా ఉండాల్సింది. ఇద్దరం ఎంత గట్టిగా అరుచుకున్నామంటే, పక్కన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకామె లేచి దూరంగా పోయింది. అవ్వ చేతికర్ర నేల మీద కొట్టింది.

"సప్పుడు జెయ్యకుండ్రి ఇద్దరు. లోపల మనిషున్నడు."

తర్వాత ముగ్గురం అక్కడే కూర్చున్నాం. దవాఖాన బెంచీ మీద కూర్చోవడం అంటే ఏమీ చేయకపోవడం కదా, అయినా ఒళ్లంతా పనిచేసినట్టు నొచ్చింది. తలుపు కదిలితే లేవడం, నర్సు వేరే పేరు పిలిస్తే కూర్చోవడం. అన్న వెళ్లి మూడు చాయ్‌లు తెచ్చాడు. నాకిచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు, కానీ కప్పు వేడిగా ఉందని రెండు కప్పులు కలిపి ఇచ్చాడు.

మర్నాటికి బాపు మనుషుల్ని గుర్తుపట్టాడు. ఇడ్లీ తిన్నాడు. డాక్టర్ వచ్చి, "ఎట్లున్నవ్ పెద్దాయనా?" అంటే మంచం మీదే నిటారుగా కూర్చున్నాడు.

"ఫస్ట్ క్లాస్ సార్."

"నిన్న గోలీలు ఎన్ని వేసుకున్నవ్?"

"ఒక్కటే సార్. రోజు లెక్కనే."

"ఒక్క గోలీకి ఇంత పడిపోయిందా?" అని డాక్టర్ అనుమానంగా రాసుకుని, మధ్యాహ్నం ఇంకోసారి రక్తం చూసి బాగుంటే ఇంటికి పంపిస్తానన్నాడు. బాపు నన్ను చూసి కన్ను గీటాడు. పాసయ్యానన్నట్టు.

ఇంటికి పోవడానికి మంచి చొక్కా తెద్దామని అన్న ఇంటికి వెళ్లాను. బాపు బట్టల కింద ఖాళీ గోలీల పట్టీలు దొరికాయి. వదినను అడిగితే, నెలకు సరిపడా గోలీలు పోయిన వారమే కొత్తగా తెచ్చారంది. అంటే రోజుకొకటి కాదన్నమాట. ఎన్ని అని లెక్క పెట్టుకోలేదు, అన్నీ పట్టుకుని ఆటోలో వెనక్కి పరిగెత్తాను. డాక్టర్ వేరే పేషెంట్‌ను చూస్తుంటే మధ్యలో దూరి టేబుల్ మీద పోశాను.

"సార్, మా బాపు అబద్ధం చెప్పిండు."

ఆయన పట్టీలు తిప్పి చూశాడు. నెమ్మదిగా చెప్పాడు. రక్తం రిపోర్టులో మీ నాన్న కిడ్నీలు బలహీనంగా కనిపిస్తున్నాయి, అలాంటి ఒంట్లోంచి ఈ మందు తొందరగా బయటికి పోదు, ఇన్ని వేసుకుంటే రెండు మూడు రోజుల దాకా షుగర్ మళ్లీ మళ్లీ పడిపోతుంది అని. "ఇంటికి పంపిస్తే దారిలోనే పడిపోయేవాడమ్మా. మంచిపని చేశావు." ఆయన అన్నట్టే ఆ మధ్యాహ్నం ఇడ్లీ తిన్న మనిషికి మళ్లీ చెమటలు పట్టాయి. ఈసారి సెలైన్ చేతికే ఉంది కాబట్టి బతికాడు.

తేరుకున్నాక అడిగాను. "డాక్టర్‌కు ఎందుకు చెప్పలేదు బాపూ?"

"డాక్టరడిగిండని అన్నీ చెప్తరా బిడ్డా? రాసుకుంటరు."

"రాసుకుంటెనే గద మందిచ్చేది!"

బాపు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. రంగేసుకున్న మీసం కింద తెల్ల వెంట్రుకలు మొలుస్తున్నాయి. నాకు కోపం పోయి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను.

డిసెంబర్

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నేను ఎంచుకున్న కంపెనీ ఉన్నది ఉన్నట్టు చెప్పమనే కంపెనీ. నేను ఎంచుకున్నప్పుడు బాపుకు షుగర్, బీపీ మాత్రమే. ఇప్పుడు కిడ్నీ కూడా చేరింది. చెబితే వాళ్లు వద్దంటారేమో. చెప్పకపోతే, ఆ దేవరుప్పుల పెద్దామె ఉత్తరం లాంటిదే మా అవ్వ చేతికి వస్తుంది. ఇటు తిరిగినా భయమే, అటు తిరిగినా భయమే. షాపులో ఒకాయన పొలం పాస్ పుస్తకం ఇస్తే ముందు పేజీ వదిలేసి వెనక పేజీ ఆరుసార్లు కాపీ తీశాను.

సమ్మయ్య కాక జామకాయలు తీసుకుని బాపును చూడటానికి వచ్చాడు. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. కాక జేబులోంచి ఫారం తీసి మంచం మీద పెట్టాడు.

"గిప్పుడన్న ఇను సరితా. దవాఖానల పడ్డ ముచ్చట వాళ్లకెట్ల తెలుస్తది? నాలుగు దినాల సంగతి. సంతకం పెట్టియ్యి."

"గంతే చెల్లే. నీ కంపెనీ ఇగ ఇయ్యది" అన్నాడు అన్న.

నేను మీకు అబద్ధం చెప్పను. ఆ నిమిషం నా నోటిదాకా సరే అనే మాట వచ్చేసింది. నోరు తెరిచాను కూడా. అంతలో బాపు లేచి కూర్చుని ఫారం చేతిలోకి తీసుకున్నాడు. కళ్లకు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"సమ్మిగా, నేను పడ్డనాడు ఆ డాక్టర్‌కు నేనేం చెప్పిన్నో తెల్సా? ఒక్కటే గోలీ అన్న. ఆయన రాసుకున్నడు. బరాబర్ నేను చెప్పిందే రాసుకున్నడు. ఆ కాయితం పట్టుకొని ఇంటికొస్తే సచ్చిపోతుంటిని."

"అది వేరే, గిది వేరే అన్నా."

"ఏం వేరే? గీ ఫారంల నేను లేను. నేను చెప్పినోడున్నడు. పైస ఇచ్చేది వానికి, దవాఖానల పండేది నేను."

కాక ఫారం తిరిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని, "మీ ఇష్టం. మీరు మరీ సక్కనోళ్లు" అన్నాడు. కోపం కాదు, బాధ పడ్డాడు. అవ్వ చాయ్ తాగి పొమ్మని ఆపింది. తాగే వెళ్లాడు.

జనవరి

మా దరఖాస్తు మీద జబ్బుల సంగతులు అడగడానికి బీమా కంపెనీ నుంచి ఫోన్ వచ్చే రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. అన్న షాపు మూసి వచ్చాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచం మధ్యలో ఉంచాం. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా పేరు, వయసు అడిగి మొదలుపెట్టింది.

"సార్, మీకు షుగర్ గానీ, బీపీ గానీ, కిడ్నీ సమస్య గానీ ఉన్నాయా?"

"ఏం లేవు బిడ్డా, మంచిగున్న" అన్నాడు బాపు.

అనేశాడు. అంత మాట్లాడిన మనిషి, అడగ్గానే అదే మాట.  అన్న తల పట్టుకున్నాడు. ఆ అమ్మాయి తర్వాతి ప్రశ్నకు వెళ్లబోయింది. నాకు మధ్యలో మాట్లాడాలని నాలుక మీద దురద, కానీ జవాబులు ఆయనే చెప్పాలని కంపెనీ వాళ్లు ముందే చెప్పారు. అవ్వ మాత్రం బాపు వైపు చూస్తూనే ఉంది. బాపు గొంతు సవరించుకున్నాడు.

"ఆగు బిడ్డా. మళ్ల అడుగు, మొదటికెంచి."

"సార్?"

"నోటికి అలవాటైంది. మళ్ల అడుగు."

ఆమె మళ్లీ అడిగింది. ఈసారి బాపు చెప్పాడు. షుగర్ ఎన్నేళ్ల నుంచి, బీపీ ఎప్పటినుంచి, గోలీలు రెండేసి వేసుకోవడం, పడిపోవడం, కిడ్నీ సంగతి. చెబుతూ చెబుతూ ఆగలేకపోయాడు. బీడీలు ఎన్నేళ్లు తాగాడో, గనిలో ఎడమ చెవి ఎలా మందమైందో, పొద్దున లేవగానే దగ్గు ఎంతసేపు వస్తుందో, మోకాలు ఏ మెట్టు దగ్గర పట్టేస్తుందో. మాకు తెలియనివి కూడా చెప్పాడు. చలికాలంలో గుండె దగ్గర బరువుగా ఉంటుందట. అవ్వ నోటి మీద కొంగు పెట్టుకుంది.

"సార్, ఇంత వివరం అవసరం లేదు సార్" అంది ఆ అమ్మాయి.

"రాసుకో బిడ్డా, రాసుకో" అన్నాడు బాపు.

ఆ తర్వాత మళ్లీ రక్త పరీక్ష, గుండె పరీక్ష జరిగాయి. గౌసియా రక్తం తీయకముందే, "తాతా, ఇయ్యాల గోలీ ఏసుకోలే గద?" అని రెండుసార్లు అడిగింది. గుండె బాగానే ఉందని తేలింది, ఆ బరువు బీడీల వల్ల ఊపిరితిత్తులదట. ఇక మిగిలింది ఎదురుచూడటమే. ఆ మూడు వారాలు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. వాళ్లు వద్దంటే మా ఇంట్లో ఇంకెవరూ ఇంకెప్పుడూ నిజం చెప్పరు, ఆ పాపం నాదవుతుంది అనిపించేది.

ఫిబ్రవరి తర్వాత

కాగితం మెయిల్‌లో వచ్చింది. నా షాపులోనే ప్రింటు తీశాను. బాపుకూ అవ్వకూ కలిపి ఇస్తామన్నారు. కానీ ఎక్కువ కట్టాలన్నారు, షుగర్‌కూ కిడ్నీకీ సంబంధించిన వాటికి మూడేళ్లు ఆగాలన్నారు. అవ్వకు మాత్రం తుంటి ఎముక తప్ప మిగతావన్నీ తొందరగానే మొదలవుతాయి. బాపు చెప్పిన జబ్బులన్నీ ఒకదాని కింద ఒకటి అచ్చు వేసి పంపారు. బాపు వేలు పెట్టి ఒక్కొక్కటీ నాతో చదివించుకున్నాడు.

"గివన్ని నాకున్నయా?"

"నువ్వే చెప్పినవ్ గద."

"మూడేండ్లు బతకాలె అన్నట్టు, వీళ్ల పైస తినాలంటె" అని నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. ఆ రోజు మా అన్న నన్ను స్టేషన్ దాకా బండి మీద దింపి, రైలు కదిలేదాకా నిలబడ్డాడు. సారీ అనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

అంతా చక్కబడిందని అనను. మూడేళ్లు పెద్ద మాట. ఈలోపు కిడ్నీ ఏమైనా మొండికేస్తే కార్డులో మిగిలిందే దిక్కు. ఆ భయం నాకు పోలేదు, పోదు కూడా. భూపాలపల్లి బెంచీ మీద లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టించుకున్న వాళ్లూ గుర్తొస్తారు. సమ్మయ్య కాకను మొన్న ఒకసారి ఫోన్‌లో అడిగాను, ఆ ఫారాలు ఇప్పుడైనా దిద్దించవచ్చట కదా అని. చూద్దాం లే అన్నాడు. మీ ఇంట్లో వాళ్లు అలాంటి బెంచీ మీద కూర్చుని ఉంటే మాత్రం, చూద్దాం అనకండి. ఆ ఫారం తీసి చదవండి. పెద్దవాళ్లు పరీక్షకు పోతుంటే ముందు రోజు రాత్రి నుంచి గోలీల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి, ఏది వేసుకోవాలో ఏది ఆపాలో డాక్టర్‌నే అడగండి. సరే సరే అంటే నమ్మకండి.

పోయిన మంగళవారం షాపు నిండా జనం. స్కూలు అడ్మిషన్ల రోజులు, అందరి చేతుల్లో ఆధార్ కార్డులే. బాపు ఫోన్ చేశాడు. ఆయన పగలు ఫోన్ చేయడు, చేస్తే మిస్డ్ కాల్.

"బిడ్డా, కాళ్లు జర వాసినట్టున్నయ్."

నా చేతిలో కాగితాలు అలాగే ఆగిపోయాయి. నేను పుట్టి పెరిగినంత కాలంలో ఆయన నోట, మేం అడగకుండా, ఇలాంటి మాట వినడం అదే మొదటిసారి. భయం వేసింది. దాని కిందనే, ఎలా చెప్పాలో తెలియడం లేదు గానీ, సంతోషం లాంటిది కూడా ఉంది.

"ఎప్పటిసంది బాపూ? ఎన్ని దినాలాయె?" అని అరిచాను. లైన్లో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు.

"దినాలెక్కడియే? ఇయ్యాల పొద్దటిసందే. లేసి సూసుకున్న, నీకు ఫోన్ చేసిన."